బ్యాటరీ కారు విప్పిన అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. మార్కులు ఫర్వాలేదు గానీ పుస్తకం కన్నా స్క్రూడ్రైవర్ ఎక్కువ పట్టుకుంటుంది. మా తమ్ముడి కొడుక్కి నాలుగేళ్లు. వాడి 6 వోల్టుల బ్యాటరీ కారు మరీ నెమ్మదిగా పోతోందని, పాత స్కూటర్‌లోంచి 12 వోల్టుల బ్యాటరీ తీసి దానికి తగిలించింది. రెండు రోజులు జోరుగా తిరిగింది, మూడో రోజు ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల గేర్ పళ్ళు ఊడిపోయి ఉన్నాయి. ఇప్పుడు "పిల్లలు ఎక్కి తిరిగే కార్లు, సైకిళ్ళు డిజైన్ చేసే చదువు చదువుతా" అంటోంది. బంధువులేమో "బొమ్మలు చేసుకుని బతుకుతావా?" అని నవ్వుతున్నారు. దీనికి కోర్సంటూ ఉందా? లేక అందరిలాగే ఇంజినీరింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: నవ్వే బంధువుల ఇళ్ళలోనూ మేడ మీదో, మెట్ల కిందో ఒక బ్యాటరీ కారు దుమ్ము కొట్టుకుని ఉంటుంది, చూడండి. వేలు పోసి కొంటారు, ఆరు నెలలకి బ్యాటరీ పోతుంది, మూల పడేస్తారు. దాన్ని కూడా ఎవరో కూర్చుని డిజైన్ చేశారని ఎవరికీ తట్టదు. మీ అమ్మాయికి తట్టింది కాబట్టి తీసిపారేయకుండా మాట్లాడుకుందాం.

సూటిగా చెప్పాలంటే, ఇంటర్ తర్వాత "పిల్లల బండ్ల డిజైన్" అన్న పేరుతో డిగ్రీ వెతకడం దండగ. దానికి దగ్గరి దారులు రెండు. ఒకటి నాలుగేళ్ల బి.డిజైన్, అందులో ఇండస్ట్రియల్ లేదా ప్రొడక్ట్ డిజైన్. రెండోది మెకానికల్ బీటెక్ చేసి, తర్వాత ఎం.డిజైన్‌కి వెళ్లడం. మీ అమ్మాయి ఏ దారి మనిషో తెలియాలంటే ఆ ఊడిన గేర్ పళ్ళ గురించి ఆమెతో ఓసారి మాట్లాడండి.

వోల్టేజీ రెట్టింపు చేస్తే కారు వేగం దాదాపు రెట్టింపవుతుందని ఆమెకు తెలిసే ఉంటుంది. తెలియనిది ఇంకోటి ఉండొచ్చు. ఆగి ఉన్న కారు కదిలే క్షణంలో మోటారు లాగే కరెంటు, తిప్పే బలం కూడా రెట్టింపవుతాయి. అంత దెబ్బకి ఆ ప్లాస్టిక్ పళ్ళు నిలవవు. తీగలు, స్విచ్చి కూడా ఆ కరెంటుకి చేసినవి కావు. "పళ్ళు ఎందుకు ఊడాయి?" అని అడిగి చూడండి. కాగితం తీసుకుని లెక్క వేయడం మొదలుపెడితే మెకానికల్ వైపు మొగ్గు ఉన్నట్టు. "వాడు మలుపు దగ్గర భయపడ్డాడు నాన్నా, కాళ్ళు పైకి తీసేశాడు" అని పిల్లవాడి గురించి మొదలుపెడితే డిజైన్ వైపు. రెండూ చెప్పిందంటే మీరు అదృష్టవంతులు. ఎలాగూ అడుగుతున్నారు కాబట్టి, కారులో ఫ్యూజు ఉంచిందో పీకేసిందో కూడా కనుక్కోండి. పీకేసి ఉంటే మాత్రం గట్టిగానే మందలించండి. చిన్నపిల్లాడి సీటు కింద పాత స్కూటర్ బ్యాటరీ పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఈ రంగంలో పెద్ద పెద్ద కంపెనీలు దెబ్బతిన్నదే అక్కడ. అమెరికాలో పిల్లల బ్యాటరీ కార్లంటే పవర్ వీల్స్ పేరే ముందు చెబుతారు. 1998లో వాటిని తయారుచేసే ఫిషర్-ప్రైస్ కంపెనీ కోటి దాకా పవర్ వీల్స్ బండ్లను రీకాల్ చేయాల్సి వచ్చింది, అంటే అమ్మినవాటిని సరిచేయడానికి వెనక్కి పిలవాల్సి వచ్చింది. విద్యుత్ భాగాలు వేడెక్కి మంటలు రావడమే కారణం. ఆ సంగతి ప్రభుత్వానికి సకాలంలో చెప్పలేదని 2001లో 11 లక్షల డాలర్ల జరిమానా కూడా కట్టింది. బయటికి కనిపించే రంగూ లైట్లూ ఎంత ముద్దుగా ఉన్నా, సీటు కిందున్న కనెక్టరు ఒక్కటి తప్పితే కొంప మునుగుతుంది.

మామూలు 12 వోల్టుల కారు ఒకటి విప్పి చూస్తే ఈ పని ఏమిటో అర్థమవుతుంది. సీటు కింద 7 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. వెనక రెండు చక్రాలకి చెరో మోటారు, చెరో గేర్‌బాక్సు. చాలా మోడళ్ళలో స్లో స్పీడులో ఆ రెండు మోటార్లనీ సిరీస్‌లో కలుపుతారు, ఒక్కోదానికి 6 వోల్టులే అందుతాయి. ఫాస్ట్ నొక్కితే ప్యారలల్‌లోకి మారి చెరో 12 వోల్టులు అందుతాయి. ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీపట్టే పాఠం ఇక్కడ ఒక చిన్న స్విచ్చిలో పనిచేస్తోంది. ఇంకా బాగుండే సంగతి బ్రేకు. నాలుగేళ్ల పిల్లాడికి ప్రమాదం ఎదురైతే చేసే మొదటి పని కాలు తీసేయడం. వేరే పెడల్ వెతికి తొక్కమంటే తొక్కడు. అందుకని కాలు తీయగానే మోటారు రెండు కొసలూ ఒకదానికొకటి కలిసిపోయేలా పెడల్ స్విచ్చిని అమరుస్తారు. మోటారే జనరేటరుగా మారి బండిని పట్టి ఆపేస్తుంది. విడిగా బ్రేకు భాగం ఒక్కటి కూడా అక్కర్లేదు! పిల్లాడి భయాన్ని, మోటారు స్వభావాన్ని రెంటినీ తెలిసిన మనిషి చేసిన డిజైన్ అది.

మోటారు లేని బండ్లు తేలికనుకోవద్దు. నా లెక్కలో అవే కష్టం. అమెరికాలో లిటిల్ టైక్స్ అనే బొమ్మల కంపెనీ 1979లో తెచ్చిన కోజీ కూప్ అనే కారుని చూడండి. ఎర్ర బాడీ, పసుపు టాపు, మోటారు లేదు, పెడల్ లేదు, కాళ్ళతో నేలను తోసుకుంటూ పోవడమే. దాన్ని డిజైన్ చేసిన జిమ్ మారియోల్ అంతకుముందు క్రైస్లర్‌లో అసలు కార్లకి డిజైన్లు గీసిన మనిషి. పెద్ద కార్ల నుంచి చిన్న కార్లకి రావడం దిగజారడమని ఆయన అనుకున్నట్టు లేదు. ఆ కారు ఇప్పటికీ అమ్ముడుపోతోంది. అంతకు ముందు తరంలో బ్రిటన్‌లో ఆస్టిన్ కంపెనీ జె40 అనే పెడల్ కారు చేసేది. 1949 నుంచి 1971 దాకా వేల్స్‌లోని బార్గోడ్‌లో, బొగ్గు గనుల్లో ఊపిరితిత్తులు పాడైన కార్మికులకు పని కల్పిస్తూ తయారుచేశారు. పెద్ద కార్లకు రేకు కోయగా మిగిలిన ముక్కలు అందులో వాడేవారు.

ఇలాంటి బండిలో ఇంజను పిల్లాడి కాళ్ళే కాబట్టి, సీటు ఎత్తు రెండు సెంటీమీటర్లు పెరిగినా పాదం నేలకి సరిగా ఆనదు. మన ఇళ్లలోని మూడు చక్రాల సైకిల్‌నే తీసుకోండి. పెడల్ నేరుగా ముందు చక్రానికే ఉంటుంది కదా, ఒక్కసారి తొక్కితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. చక్రం చిన్నదైతే ఎంత తొక్కినా సాగదు, పెద్దదైతే కాలు అందదు. పైగా తొక్కే ప్రతిసారీ హ్యాండిల్ అటూ ఇటూ లాగుతుంది. గేరు, మోటారు అడ్డుపెట్టుకుని సరిచేసుకునే వీల్లేదు. నడక నేర్చే పిల్లలకి ఇచ్చే మన మూడు చక్రాల చెక్క బండికీ ఇదే ఇబ్బంది. చక్రాలు తేలిగ్గా తిరిగితే బండి ముందుకు ఉరికి పిల్లాడు బోర్లా పడతాడు, బిగుసుకుంటే కదలదు.

ఇక మన దేశంలో పని దొరుకుతుందా అన్నది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి చేశారు. మామూలు బొమ్మలకి ఐఎస్ 9873, కరెంటుతో నడిచేవాటికి ఐఎస్ 15644 ప్రమాణాలు. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. దాంతో ఇక్కడే తయారుచేయాలనే ఒత్తిడి పెరిగింది. ఈ బండ్లు చేసేవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల ఎక్కువ. కర్ణాటకలోని కొప్పళ్‌లో బొమ్మల తయారీకే ఒక క్లస్టర్, అంటే ఫ్యాక్టరీలన్నీ ఒకచోట ఉండే ప్రాంతం వచ్చింది. అయినా ఇది చిన్న రంగమే. క్యాంపస్‌కి వచ్చి వందలమందిని ఏరుకుపోయే కంపెనీలు ఇందులో ఉండవు. మోటారు, గేర్‌బాక్సు, రిమోటు బోర్డు బయట కొని బిగించి అమ్మేవాళ్ళ దగ్గర డిజైనర్‌కి పెద్దగా పని ఉండదు. ప్లాస్టిక్ బాడీ పోసే అచ్చు సొంతంగా చేయించుకునే వాళ్ళ దగ్గరే ఉంటుంది. పెద్ద బాడీ అచ్చుకి లక్షలు అవుతాయి. అచ్చు కోసేశాక "సీటు కాస్త కిందికి దించుదాం" అంటే యజమాని దండం పెడతాడు. అన్నీ ముందే ఆలోచించి పెట్టే మనిషి విలువ వాళ్ళకి బాగా తెలుసు.

ప్రమాణాలు తెలిసిన డిజైనర్లు తక్కువ, అది కూడా గుర్తుపెట్టుకోండి. బొమ్మల భద్రతలో ఒక నియమం ఉంటుంది. కదిలే భాగాల మధ్య సందులో 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరితే, 12 మిల్లీమీటర్ల కడ్డీ కూడా దూరాలి. అంటే సందు వేలు దూరనంత ఇరుకుగానైనా ఉండాలి, దూరిన వేలు నలగనంత వెడల్పుగానైనా ఉండాలి. మధ్యస్థంగా ఉండటానికి వీల్లేదు. మీ ఇంట్లో ఉన్న కారుకి చక్రానికీ బాడీకీ మధ్య, డోరు బందు దగ్గర ఎంత సందుందో కొలవమనండి. ఆ లెక్కలు నచ్చితే టెస్టింగ్ ల్యాబుల్లోనూ ఉద్యోగాలుంటాయి. ఇక్కడ నేర్చిన పని పిల్లల స్ట్రాలర్లకి, బ్యాటరీ వీల్‌ఛైర్లకి, ఎలక్ట్రిక్ స్కూటర్లకి కూడా పనికొస్తుంది. కాబట్టి "బొమ్మలు చేసుకుని బతుకుతావా" అన్నదానికి బెంగపడక్కర్లేదు.

చదువు విషయానికొస్తే, బి.డిజైన్‌కి ఐఐటీల పరీక్ష యూసీడ్. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో మొదలై పరీక్ష జనవరిలో జరుగుతుంది. మనకి దగ్గర్లో ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. రెండోది ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ళ ప్రవేశ పరీక్ష డ్యాట్. మీకు బాగా దగ్గరగా అమరావతి ప్రాంతంలోనే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, అక్కడ ఇండస్ట్రియల్ డిజైన్‌లో బి.డిజైన్ ఉంది. ఈ రెండు పరీక్షల్లోనూ బొమ్మ గీయాలి, చుట్టూ ఉన్న వస్తువులని గమనించి ఆలోచించాలి. ఎన్ఐడీ రెండో దశ పరీక్ష మెయిన్స్‌లో చేతికి సామాను ఇచ్చి మోడల్ కూడా చేయిస్తారు. మీ అమ్మాయికి ఇది నచ్చుతుందని నా అంచనా.

నా సలహా ఏమిటంటే, యూసీడ్, డ్యాట్, ఈఏపీసెట్ మూడూ రాయించండి. మొదటి రెండింట్లో దేనిలో సీటొచ్చినా కళ్ళు మూసుకుని చేర్చండి. రాకపోతే మెకానికల్ బీటెక్. కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ప్లేస్‌మెంట్ బోర్డు కన్నా ముందు వర్క్‌షాపు చూపించమనండి. లేత్ మీద దుమ్ము ఉంటే ఇంకో కాలేజీ చూసుకోండి. బీటెక్ అయ్యాక ఐఐటీల్లో ఎం.డిజైన్ ప్రవేశ పరీక్ష అయిన సీడ్ రాసి ఎం.డిజైన్‌కి వెళ్లొచ్చు. బొమ్మలు, ఆటవస్తువుల డిజైన్‌కే ప్రత్యేకంగా ఎం.డిజైన్ నడిపే చోటు ఎన్ఐడీ గాంధీనగర్ క్యాంపస్, దానికి మాత్రం సీడ్ కాదు, డ్యాటే రాయాలి. ఇంజినీరింగ్ చదివి వచ్చినవాళ్ళకి అక్కడ లోటేమీ ఉండదు, మెకానిజం తెలిసి ఉండటం బలమే. బ్రోచర్‌లో "టాయ్ డిజైన్" అన్న మాట కనిపించిందని లక్షల ఫీజు కట్టి ఏదో ఒక ప్రైవేటు డిజైన్ కాలేజీలో తొందరపడి చేర్చడం మాత్రం నేను ఒప్పుకోను.

అమ్మా, ఈ నాలుగు మాటలు నీకు. పరీక్షల తర్వాత సెలవుల్లో ఒక బండి చెయ్యి. మోటారు వద్దు, కాళ్ళతో తోసుకునేదే చాలు. ముందు మీ తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి మడత దాకా, చెయ్యి చాపితే వేళ్ళ కొస దాకా కొలువు. అట్టపెట్టెలతో ఒకటి కట్టి వాణ్ణి ఎక్కించు. ఎలా నడపాలో చెప్పకు, ఫోన్‌లో వీడియో తీసి ఎక్కడ తడబడ్డాడో చూడు. అది సరిచేశాకే ప్లైవుడ్‌కి వెళ్లు. విజయవాడ ఆటోనగర్ మీకు దూరమేమీ కాదు, నాన్నని తీసుకెళ్లమను. బాడీ కట్టేవాళ్ళు, వెల్డింగ్ వాళ్ళు ఎలా కొలుస్తారో, ఎక్కడ వంచుతారో నిలబడి చూడు. కొలతలు, ఫొటోలు, పనికిరాని మోడళ్ళు, అన్నీ ఒక నోట్‌బుక్‌లో దాచు. తర్వాత ఏ కాలేజీలో పోర్ట్‌ఫోలియో అడిగినా ముందు అదే తీసి చూపించొచ్చు.

పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకో మాట. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ అనే కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థలో పది తర్వాత టూల్, డై, మౌల్డ్ తయారీలో నాలుగేళ్ల డిప్లొమా ఉంది. ప్లాస్టిక్ అచ్చుల మీద సీపెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది, విజయవాడ దగ్గర కూడా వాళ్ళ కేంద్రం ఉంది. అచ్చు చేయడం వచ్చినవాళ్ళకి పని దొరకడం కష్టం కాదు.

మీ అమ్మాయికి ఈ ఏడాది యూసీడ్ రాకపోయినా వచ్చే ఏడాది ఇంకోసారి రాసుకోవచ్చు. వరుసగా రెండేళ్లు అవకాశమిస్తారు. దానికోసం ఖాళీగా ఇంట్లో కూర్చోబెట్టక్కర్లేదు. బీటెక్‌లో చేర్చండి, చదువుకుంటూనే రాస్తుంది. కోచింగ్ అంటారా, రోజూ ఒక వస్తువు చూసి గీయడం అలవాటు చేసుకుని, పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాస్తే చాలావరకు సరిపోతుంది. ఆ మిగిలిన డబ్బుతో ఒక మంచి డ్రిల్లింగ్ మెషిన్ కొనివ్వండి.