చరిత్ర చదివినవారికి నాటకరంగంలో పని దొరుకుతుందా?

ప్రశ్న: నేను విజయనగరంలో బీఏ చరిత్ర చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాల వార్షికోత్సవంలో 'కన్యాశుల్కం' నుంచి కొన్ని రంగాలు ప్రదర్శిస్తున్నాం. నాకు వేషం ఇవ్వలేదు కానీ, నాటక కాలం గురించిన సమాచారం సేకరించే బాధ్యత అప్పగించారు. ఈ పని నాకెంతో నచ్చింది, దీన్నే వృత్తిగా చేసుకోవాలని ఉంది. మా నాన్నగారు మాత్రం "దానికి జీతం ఎవరిస్తారు? బీఈడీ చెయ్యి" అంటున్నారు. ఈ పని పద్ధతిగా ఎలా చేయాలి? దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: ముందు మీ నాన్నగారి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న. నాటకానికి చారిత్రక నేపథ్యం సమకూర్చే పనికి విడిగా ఒక హోదా, నెల జీతం ఇచ్చే సంప్రదాయం తెలుగు నాటకరంగంలో లేదు. జర్మనీలో ఉంది. 1767లో హాంబర్గ్ నాటకశాల లెస్సింగ్ అనే రచయితను నియమించుకున్న నాటి నుంచి అక్కడ 'డ్రమటర్గ్' అనే ఉద్యోగం వేళ్లూనుకుంది. పోటీల కోసం వేసే మన పరిషత్తు నాటకాలలో దర్శకుడే ఆ పని కూడా చేసుకుంటాడు, లేదా ఎవరూ చేయరు. కాబట్టి దీనిని ఒక ఉద్యోగంగా కాక, దర్శకత్వం, బోధన, పరిశోధన, సినిమా కళావిభాగం వంటి ఏదో ఒక వృత్తికి బలమిచ్చే నైపుణ్యంగా చూడమని నా సలహా. అయితే ఆ నైపుణ్యం అలవడటానికి మీకు దొరికిన నాటకం కంటే మంచి పాఠశాల మరొకటి లేదు.

నేపథ్య పరిశోధన అనగానే చాలామంది పంచెకట్టు, తలపాగా, లాంతరు బొమ్మలు సేకరించి సరిపెడతారు. అవి అవసరమే, కానీ అవి చివరి మెట్టు. మొదట తేల్చుకోవలసినది మీరు ఏ సంవత్సరాన్ని రంగస్థలం మీదికి తెస్తున్నారన్నది. 'కన్యాశుల్కం' విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైనది 1892లో, తొలి ముద్రణ 1897లో వచ్చింది. నేడు మనం చదివేది గురజాడ అప్పారావు గారు బాగా పెంచి తిరగరాసి 1909లో ప్రచురించిన పాఠం. మధురవాణి పాత్ర ఇప్పుడున్న స్థాయికి ఎదిగింది ఆ రెండో కూర్పులోనే. ఈ పదిహేడేళ్లలో లోకం మారింది. బెజవాడ నుంచి కటకం (కటక్) వైపు రైలుమార్గం తెరుచుకున్నది 1893-96 మధ్య. తొలి ప్రదర్శన చూసిన ప్రేక్షకులకు ఊరి ప్రయాణమంటే ఎద్దుబండి, రెండో కూర్పు చదివినవారికి రైలు కూత అప్పటికే అలవాటైన చప్పుడు. మీ దర్శకుడు ఏ కాలాన్ని ఎంచుకున్నాడో రాతపూర్వకంగా నిర్ణయించుకోకపోతే రంగాలంకరణకు ఒక కాలం, దుస్తులకు మరో కాలం వచ్చి పడతాయి.

ఆ తరువాత చట్టం. నేటి విద్యార్థి అగ్నిహోత్రావధాన్లు పాత్రను నేరం చేస్తూ దాచుకునే మనిషిలా నటించే ప్రమాదం ఉంది, ఎందుకంటే బాల్యవివాహం నేరమన్నది మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన విషయం. ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు పద్నాలుగేళ్లని నిర్ణయించిన శారదా చట్టం వచ్చింది 1929లో. 1891 నాటి చట్టం పెళ్లి వయసు జోలికి పోలేదు, దాంపత్య సమ్మతి వయసును పది నుంచి పన్నెండేళ్లకు పెంచి ఊరుకుంది, దానికే దేశమంతటా పెద్ద దుమారం రేగింది. అంటే చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు పద్దెనిమిది వందల రూపాయలకు కట్టబెట్టాలనుకున్న అగ్నిహోత్రావధాన్లు, పెళ్లి మట్టుకు, తన కాలపు చట్టం ముందు దోషి కాడు. కనుక ఆ పాత్రధారి గొంతులో తప్పుచేస్తున్న జంకు వినిపించకూడదు, ఇంటి యజమానికి ఉండే ధీమా వినిపించాలి. ఆ ధీమాయే ప్రేక్షకుణ్ణి ఎక్కువ కలవరపెడుతుంది. మీరు సేకరించిన తేదీ నటుడి గొంతును మార్చగలిగినప్పుడే అది నాటక పరిశోధన అవుతుంది. లేకపోతే అది చరిత్ర నోట్సుగానే మిగులుతుంది, దానికి మీ తరగతి గది చాలు.

తొలి ముద్రణకు గురజాడ గారు ఆంగ్లంలో రాసిన పీఠికను తప్పక చదవండి. ఆనాటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో శుల్కం (పెళ్లికూతురి తరఫువారు పుచ్చుకునే సొమ్ము) తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజు ఆనంద గజపతి తయారు చేయించిన సంగతి అందులో ఉంది. మూడేళ్లలో నమోదైన పెళ్లిళ్లు 1,034, అంటే ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్లవారు, 44 మంది నాలుగేళ్లవారు, 36 మంది మూడేళ్లవారు, ఆరుగురు రెండేళ్లవారు, ముగ్గురు ఏడాది పసికందులు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలను కరపత్రంలో అచ్చువేయడం తేలిక. అంతకంటె, సుబ్బి బేరం సాగే రంగం సాధనకు ముందు నటీనటులందరినీ కూర్చోబెట్టి ఒకసారి చదివి వినిపించండి. తరువాత బేరమాడే మాటలు నవ్వుకోసం పరుగెత్తవు.

నవ్వు పుట్టే చోట్ల కూడా చరిత్ర తెలిసి ఉండాలి. నేషనల్ కాంగ్రెసు గురించి తాను బండివాడికి గంటల తరబడి లెక్చరిస్తే, వాడు మా ఊరి హెడ్డుకానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేస్తారని అడిగాడని గిరీశం విసుక్కుంటాడు. నేటి నటుడికి కాంగ్రెసు అంటే ఓట్లడిగే పార్టీ. 1885లో మొదలైన నాటి కాంగ్రెసు మాత్రం ఇంగ్లీషు చదివిన ప్లీడర్లు, పత్రికాధిపతులు ఏడాదికోసారి కూడి ప్రభుత్వానికి తీర్మానాలు పంపుకునే సభ. గ్రామీణుడికి సర్కారంటే కానిస్టేబులే. ఇది తెలిసిన నటుడు బండివాణ్ణి వెర్రివాడిగా చూపించడు. ఆ మొత్తం సంభాషణలో అక్కరకొచ్చే ప్రశ్న అడిగినవాడు బండివాడొక్కడేనని, గిరీశానికి అది అందలేదని ప్రేక్షకుడికి తెలిసేలా పలుకుతాడు.

మూలాలకు మీరు దూరం వెళ్లనక్కరలేదు. మీ ఊళ్లోనే గురజాడ వారి ఇల్లు స్మారకంగా ఉంది. బ్రిటిష్ అధికారులు కార్మైకేల్ 1869లోను, ఫ్రాన్సిస్ 1907లోను వెలువరించిన విశాఖపట్నం జిల్లా గ్రంథాలలో ఆనాటి పంటలు, రోడ్లు, కోర్టులు, కులాల వివరాలు దొరుకుతాయి, వాటిని దొరతనపు కళ్లతో రాశారని గుర్తుంచుకుని చదవాలి. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ఉన్నాయి. దొరికిన ప్రతి వివరం పక్కన అది నాటకంలోని ఏ మాటకు, ఏ వస్తువుకు, ఏ నిర్ణయానికి పనికొస్తుందో రాయండి. దేనికీ పనికిరాని వివరాన్ని, ఎంత ముచ్చటైనదైనా, సాధన గదిలోకి తీసుకురాకండి. చరిత్ర విద్యార్థులకు ఇదే కష్టమైన నియమం.

ఇక చదువు. చరిత్రలోనే ఎంఏ చేయవచ్చు, కానీ మీకు నా మొదటి సూచన రంగస్థల కళలలో పీజీ. దస్త్రం చదవడం మీకు కొంత వచ్చు, నటుల మధ్య నిలబడి పనిచేయడం ఇంకా రావాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం రెండింటిలోనూ ఈ విభాగాలున్నాయి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీతోపాటు ప్రదర్శనలలో పాల్గొన్న అనుభవాన్ని కూడా అడుగుతుంది, కనుక ఈ వార్షికోత్సవంతో ఆగకుండా మీ ఊరి నాటక సమాజాలలో పనిచేసి, మీ పేరు అచ్చయిన కరపత్రాలు భద్రపరచుకోండి. పీజీ తరువాత రాసే అధ్యాపక, పరిశోధక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో నాటకరంగం ఒక సబ్జెక్టుగా ఉంది. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే భృతి) వస్తే 2023 సవరణ ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. మీ నాన్నగారికి చూపించదగిన అంకె ఇదే. పాతకాలపు కథలతో తీసే సినిమాలు, వెబ్ సిరీస్‌ల కళావిభాగాలలోనూ ఇలాంటి పరిశోధకుల అవసరం ఉంటుంది. అయితే అది ఒక్కో చిత్రానికి కుదుర్చుకునే పని, మొదటి రెండు మూడేళ్లు దానినే నమ్ముకుని ఇల్లు నడపడం కష్టం.

బీఈడీని శత్రువుగా చూడకండి. పీజీ అయ్యాక కూడా చేయవచ్చు. నెట్ ఫలితం అనుకున్నట్టు రాకపోతే, ఏటా పిల్లలతో ఒక నాటకం వేయించే చరిత్ర టీచరుగా మీరు చేయగలిగిన పని తక్కువేమీ కాదు. ఈలోగా ఈ ప్రదర్శన ముగియగానే మీ సేకరణను ఇరవై పేజీలు మించకుండా ఒక దస్త్రంగా కట్టండి. ఎంచుకున్న సంవత్సరం, అందుకు కారణం, చూసిన మూలాలు, వాటివల్ల ప్రదర్శనలో మారిన అంశాలు, దర్శకుడు ఒప్పుకోని సూచనలు అన్నీ అందులో ఉండాలి. ప్రవేశ మౌఖిక పరీక్షలో ఆ చివరి పేజీ గురించే ఎక్కువ అడుగుతారని నా అంచనా.