దోసె పిండి వాసన అని ఆమె ఎందుకు చెప్పాలి?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 31. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా ఫ్లాట్‌లో సరదాగా బీరు తయారుచేస్తున్నాను. తాగిన స్నేహితులంతా బాగుందంటున్నారు. దీన్నే వృత్తి చేసుకోవాలని ఉంది. ఉద్యోగం మానేసి బర్లిన్‌లో ఆరు నెలల బ్రూమాస్టర్ (బీరు తయారీ నిపుణుడి) కోర్సు చేయనా, ఇక్కడే ఏదైనా మైక్రోబ్రూవరీలో, అంటే చిన్న బీరు తయారీ కేంద్రంలో, చిన్న జీతానికి చేరనా? ఫీజుకు మా ఆవిడ నగలున్నాయి. తను ఏమీ అనదు. నాన్న కొండ మీద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఆయనకు ఈ సంగతి తెలియదు. మొన్న అమ్మానాన్న వచ్చినప్పుడు బాత్రూంలో బీరు పులుస్తున్న బకెట్ వాసన వస్తే, దోసె పిండి పులిసిందని మా ఆవిడే సర్దిచెప్పింది.

జవాబు: రెండూ ఇప్పుడే వద్దు. ఇంట్లో 20 లీటర్లు బాగా కుదరడం వేరు, వెయ్యి లీటర్ల ట్యాంకులో ప్రతిసారీ అదే రుచి తేవడం వేరు. అక్కడ సగం పని ట్యాంకులు, పైపులు కడగడమే. 25 కిలోల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) బస్తాలు మోయాలి. పదిహేను రోజులు సెలవు పెట్టి, ఎవరినైనా అడిగి ఆ పని చేసి చూడండి. అప్పటికీ మనసు అటే లాగితే, లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిల్లింగ్ వాళ్ల బీరు తయారీ పరీక్షలున్నాయి. ఉద్యోగం చేసుకుంటూనే చదివి రాయొచ్చు. మీ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

నన్ను పట్టి ఆపింది ఆ దోసె పిండి. బకెట్ చల్లగా ఉండాలని తడి తువ్వాలు చుట్టి, తలుపు మూసే ఉంటారు. మీ అమ్మగారు అక్కడ ఆగి ‘ఏంది పాపా, ఈ వాసన?’ అని ఉంటారు. జీవితమంతా పిండి రుబ్బిన మనిషికి పులిసిన పిండి వాసన తెలియదా? తెలిసే ఊరుకున్నారు. ఇప్పుడు ఆమె లెక్కలో అబద్ధమాడింది కోడలు, కొడుకు కాదు. రేపు నాన్నగారికి తెలిసిన రోజు ‘ఆ పిల్లయినా ఒక మాట చెప్పకూడదా’ అనే మాట కూడా కోడలి మీదికే వస్తుంది. మన ఇళ్లలో అంతే కదా.

మీకు నాన్నంటే భయం. ఆ భయాన్ని మీరు మోయకుండా మీ ఆవిడ నెత్తిన పెట్టారు. పైగా లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం కర్ణాటకలోనూ నేరమే, ఆంధ్రలోనూ నేరమే. ఎవరైనా తలుపు తడితే తీసేది ఎవరు?

‘తను ఏమీ అనదు’ అని రాశారు. అడిగారా? అడగకుండానే నగలు లెక్కలో వేసేసుకున్నారు. నాకు కోపం వచ్చింది అక్కడే.

పని తప్పని నేను అనను. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టడం మన ఊళ్లో రాగి మాల్ట్‌కు చేసే పనే. శ్రద్ధగా చేసే పనిలో సిగ్గుపడాల్సింది లేదు. దాన్ని భార్య కొంగు చాటున దాచడమే సిగ్గు.

ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి. వెంటనే జవాబు రాకపోతే ఆగండి. నగలు వద్దంటే ఆ మాట మళ్లీ ఎత్తకండి. తర్వాత తిరుపతి వెళ్లి నాన్నగారితో మీరొక్కరే మాట్లాడండి, ఆమెను పక్కన నిలబెట్టుకోకండి. ఆయన అరిస్తే పడండి, నెల రోజులు మాట్లాడకపోయినా ఓర్చుకోండి. ఆ దోసె పిండి మాట మీ వల్లే ఆమె చెప్పాల్సి వచ్చిందని అమ్మగారికి కూడా మీ నోటితోనే చెప్పండి.

బయల్దేరే ముందు బాత్రూంలో ఉన్న బకెట్ ఖాళీ చేసి, కడిగి బోర్లించండి. అది మీరే కడగండి.