పిల్లలతో పుస్తకాలు చదివిస్తానంటోంది, డేటా సైన్స్‌కు పంపాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి చరిత్ర, అర్థశాస్త్రం, తెలుగు తీసుకుని బి.ఏ. పూర్తిచేసింది. రెండేళ్లుగా సెలవుల్లో మా శాఖా గ్రంథాలయం నడిపే వేసవి విజ్ఞాన శిబిరానికి వెళ్లి పిల్లలకు కథలు చదివి వినిపిస్తోంది. ఇప్పుడు లైబ్రరీ సైన్స్ చదివి ఇదే పనిలో ఉంటానంటోంది. అమెరికాలో ఉన్న మా బావమరిది, అక్కడ పిల్లల కోసమే ప్రత్యేకంగా లైబ్రేరియన్లు ఉంటారని చెప్పి ఆశ పెట్టాడు. నేను హైదరాబాద్‌లో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు మాట్లాడి వచ్చాను. అవసరమైతే కొబ్బరితోట తాకట్టు పెడతాను. మన దగ్గర లైబ్రరీకి పేపరు చూసుకునే పెద్దవాళ్లు తప్ప ఎవరు వస్తున్నారండీ? రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోలుస్తానండి. అయితే మీరు ఉత్తరంలో రాయని ప్రశ్న ఒకటి ఉంది, ముందు దాని సంగతి చూద్దాం. అమ్మాయి ఇంటి పట్టునే ఉండిపోతుందేమో, సంబంధాలు చూసేటప్పుడు ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే లైబ్రరీ అని చెప్పుకోవడం నామోషీగా ఉంటుందేమో, తోటివాళ్ల పిల్లలందరూ హైదరాబాద్, బెంగళూరు వెళ్తుంటే మీ పిల్ల ఒక్కతే వెనకబడిందని అనుకుంటారేమో. ఇదే మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, లోపలి దిగులు మాత్రం ఒక్కటే. మీ దిగులును నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే దానికి మందు డేటా సైన్స్ కాదు.

ముందు చేదు మాట చెప్పేస్తాను. ప్రభుత్వ పౌర గ్రంథాలయాల్లో ఉద్యోగాలు తక్కువ. నోటిఫికేషన్లు ఎప్పుడో గాని రావు, ఖాళీలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, చాలాచోట్ల తాత్కాలిక సిబ్బందితోనే నెట్టుకొస్తున్నారు. గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన డబ్బు సకాలంలో జమ చేయక బకాయిలు పేరుకుపోతుంటాయి. కొత్త పుస్తకాలు, కొత్త ఉద్యోగాలు అక్కడే ఆగిపోతాయి. అందుకని జిల్లా సంస్థలో పోస్టు పడేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటానని మీ అమ్మాయి అంటే, ఆ ఒక్క విషయంలో నేను మీ పక్షాన నిలబడతాను. అలా కూర్చోకూడదు.

ఇక మీ ప్రశ్న, లైబ్రరీకి ఎవరు వస్తున్నారని. అడిగే ముందు మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. ఏటా ఆ గ్రంథాలయానికి మీరు కూడా డబ్బు కడుతున్నారు. చివరిసారి ఎప్పుడు గుమ్మం ఎక్కారు? మీ అమ్మాయి రెండు వేసవులు అక్కడ పనిచేసిందన్నారు గాని, కథలు చదివి వినిపిస్తోందన్న ఒక్క ముక్క తప్ప ఏం చేసిందో రాయలేదు. కథలు చెప్పడం ఒక పనా అన్న చిన్నచూపు ఉత్తరంలో కనిపిస్తోంది. మీకు తెలియని పనిని తీసిపారేస్తున్నారు, అది నాకు బాధ కలిగించింది.

ఆ పని ఏమిటో నేను చెబుతాను. ఏప్రిల్ చివర బడులు మూస్తారు. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి కాలువలు కట్టేసే రోజులవి. జూన్ రెండో వారం దాకా, అంటే దాదాపు 7 వారాలు, చాలామంది పిల్లల చేతిలో ఫోను తప్ప మరేదీ ఉండదు. బడి తెరిచాక ఏ ఉపాధ్యాయుణ్ణి అడిగినా చెబుతారు, మార్చిలో కూడబలుక్కుని చదివిన పిల్ల జూన్‌లో అదే వాక్యం దగ్గర నిలిచిపోతుందని. ఇంటి నిండా పుస్తకాలున్న పిల్లలకు ఈ నష్టం తెలియదు. శాఖా గ్రంథాలయం తప్ప వేరే దిక్కు లేని పిల్లలకే అది తగులుతుంది.

శిబిరానికి వచ్చినవాళ్లను తరగతుల వారీగా కూర్చోబెడితే అంతా చెడుతుంది. ఆరో తరగతి పిల్లవాడు గుణింతాల దగ్గర తడబడుతుంటాడు, వాడి పక్కన మూడో తరగతి పిల్ల గడగడ చదివేస్తుంటుంది. వాడిని నలుగురిలో నవ్వులపాలు చేయకుండా, వాడి వయసుకు నచ్చే కథను, వాడు చదవగలిగినంత తేలిక మాటల్లో వెతికి చేతికివ్వాలి. నేషనల్ బుక్ ట్రస్ట్, ‘మంచి పుస్తకం’, ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థలు వేసినవాటిలో అలాంటివి దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగానే చదవవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. ఏది ఎవరికి నప్పుతుందో తెలియాలంటే ఇచ్చే మనిషి ముందు అవన్నీ చదివి ఉండాలి, పిల్లవాడిని కూడా చదివి ఉండాలి.

అందరికంటే కష్టం పదమూడు దాటినవాళ్లతో. ఆ వయసు మగపిల్లలు కొబ్బరి ఒలుపుకో, రొయ్యల చెరువుల మీదికో పోతారు. ఆడపిల్లలకు ఇంటి పని అంటగడతారు. ఎలాగో వచ్చినవాళ్లను బొమ్మలకు రంగులు వేయమంటే మర్నాడు రారు. చిన్నపిల్లలకు చదివి వినిపించే బాధ్యత, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే రిజిస్టరు, గోడపత్రిక వాళ్ల చేతుల్లో పెడితే నిలుస్తారు. వేసవి అయ్యాక కూడా వాళ్లలో కొందరు సభ్యులుగా మిగిలారంటే ఆ శిబిరం ఫలించినట్టు. దీనితోపాటు మజ్జిగ ఎవరు పంపుతారు, ఫ్యాన్లు ఎవరు బాగుచేయిస్తారు అని ఊళ్లో నలుగురినీ అడిగి తెచ్చుకోవాలి, జిల్లా కేంద్రానికి నివేదిక రాయాలి, స్పోకెన్ ఇంగ్లీష్ చెబితేనే పంపుతామనే తల్లిదండ్రులకు సర్దిచెప్పాలి. బి.ఏ. చదివిన ఇరవయ్యేళ్ల పిల్ల ఇవన్నీ చేసుకొస్తోందంటే, ఏ ఉద్యోగంలోనైనా అడిగే నేర్పు ఆమెకు వచ్చేసింది.

పైగా ఇది మన నేలకు కొత్త కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సభ జరిపి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టిన అయ్యంకి వెంకట రమణయ్య కొంకుదురు మనిషి. ఆ సభకు అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. భీమవరం దగ్గర కుముదవల్లి పల్లెలో 1897లోనే గ్రంథాలయం వెలిసింది. గోదావరి ఊళ్లలో లైబ్రరీ పనిని గౌరవంగా చూసిన కాలం ఒకటి ఉంది, ఆ గౌరవాన్ని పోగొట్టింది మన తరాలే.

చదువు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏ డిగ్రీ ఉన్నవాళ్లయినా బ్యాచిలర్ ఆఫ్ లైబ్రరీ సైన్స్ ఏడాదిలో ముగించవచ్చు. ఆ తరువాత ఇంకో ఏడాది మాస్టర్స్. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రాన్ని 1935 నుంచి బోధిస్తున్నారు. ఇంటి దగ్గరే ఉండి చదవాలంటే ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) దూరవిద్య ఉంది. డిగ్రీ కళాశాలల్లో లైబ్రేరియన్ కావాలంటే మాస్టర్స్‌లో 55 శాతం మార్కులు, పైన నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గాని సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గాని ఉండాలి.

మీ అమ్మాయి స్వభావానికి నేను ముందుగా చూపించే దారి బడి గ్రంథాలయం. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాలు లైబ్రేరియన్లను నియమిస్తాయి. వేతన స్థాయి 7, మూల వేతనం 44,900తో మొదలవుతుంది. ఏటా పిలుస్తారని నేను చెప్పను, పోటీ కూడా గట్టిగానే ఉంటుంది. కేంద్రీయ విద్యాలయాల్లో హిందీలో పని నడపగలగాలి, మన కోనసీమ పిల్లలు ఎక్కువగా వెనకబడేది ఇక్కడే. ఇప్పటినుంచే హిందీ పట్టుకోమనండి. విశాఖ, హైదరాబాద్‌లలో ప్రైవేటు బడులు కూడా చదివించే పీరియడ్ నడపగలిగిన లైబ్రేరియన్ల కోసం చూస్తుంటాయి. అక్కడ జీతం బడిని బట్టి ఉంటుంది, మొదట్లో తక్కువే. కోహా లాంటి ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఎక్కడైనా విలువ ఉంటుంది. కంప్యూటర్ రావాలన్న మీ కోరిక కూడా దానితో తీరుతుంది.

ఇక డేటా సైన్స్. ఆ శాస్త్రం మీద నాకు కోపం లేదు. గణితం ఇష్టమై, గణాంకశాస్త్రం చదివి, ప్రోగ్రామింగ్‌లో రోజూ గంటలు గడిపే పిల్లలకు అది మంచి దారి. నా అనుమానమంతా ఆ పేరుతో అమ్ముతున్న ఆరు నెలల కోర్సుల మీద. ఇంటర్ తరువాత గణితం ముట్టని పిల్లను ఆరు నెలల్లో డేటా సైంటిస్టును చేస్తామనే మాట మీరెలా నమ్మారు? ఉద్యోగ హామీ అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. కింద షరతులు చదివితే, ఇంటర్వ్యూలకు పంపడం వరకే హామీ అని తేలడం నేను చాలాసార్లు చూశాను. కొత్తవాళ్లకు ఇచ్చే చిన్న చిన్న విశ్లేషణ పనుల్లో కొన్ని ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలతోనే జరిగిపోతున్నాయి. ఇంజినీరింగ్ చదివినవాళ్లే ఖాళీగా ఉన్నప్పుడు, మనసు లేకుండా నేర్చుకున్న బి.ఏ. అమ్మాయిని ఎవరు ముందు పిలుస్తారు?

ఆ తరువాత జరిగేది నాకు తెలుసు. కోర్సు అయిపోతుంది, ఉద్యోగం రాదు. ఇంట్లో అప్పు ఉందని తెలుసు కాబట్టి పిల్ల ఊరికి రాదు. హాస్టల్లోనే ఉండి ఇంకో కోర్సులో చేరుతుంది, ఫోనులో బాగానే ఉన్నానంటుంది. అలాంటి పిల్లలు నా ఎదుట కూర్చుని ఏడ్చారు. వాళ్లను ఏడిపించింది చదువు కాదు, తాకట్టులో ఉన్న తోట. పిల్ల అడగని చదువు కోసం తోట తాకట్టు పెట్టి, ఆ బరువును ఆమె నెత్తిన పెట్టే హక్కు మీకు లేదు. కటువుగా ఉన్నా అనక తప్పదు.

మీ బావమరిది చెప్పింది నిజమే. అమెరికా గ్రంథాలయాల్లో పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి వేరువేరుగా లైబ్రేరియన్లు ఉంటారు. క్లీవ్‌లాండ్ లాంటి నగరాల్లో వేసవి పఠనం 1890లలోనే మొదలైంది. అయితే అక్కడ ఆ ఉద్యోగాలకు సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ అడుగుతారు. స్థానిక పన్నులతో నడిచే పట్టణ గ్రంథాలయాలు విదేశీయులకు వీసా ఇప్పించడం అరుదు. దాని కోసం అప్పు చేయడం కూడా నాకు ఇష్టం లేదు. అక్కడివాళ్లు శిబిరాలు ఎలా నడుపుతారో ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

లెక్క కావాలన్నారు కాబట్టి చెబుతున్నాను. ఒకవైపు తోట, ఆరు నెలలు, పిల్లకు ఇష్టం లేని పని. ఇంకోవైపు ఏడాది సమయం, తాకట్టు పెట్టకుండా కట్టగలిగిన ఫీజు, ఆమె ఇప్పటికే చేసి చూపించిన పని. లైబ్రరీ ఉద్యోగం వెంటనే రాకపోయినా ఆమె దగ్గర డిగ్రీ, హిందీ, పిల్లలతో పనిచేసిన అనుభవం మిగులుతాయి. వాటితో బి.ఇడి. వైపు తిరగవచ్చు, పిల్లల చదువు మీద పనిచేసే సంస్థల్లో చేరవచ్చు. మీ అమ్మాయి చెడిపోయే దారిలో లేదండి. మీరు ధైర్యంగా ఉండండి. సంబంధం చూసేవాళ్లు అడిగితే, మా పిల్ల ఊళ్లో పిల్లలకు చదవడం నేర్పుతోందని గట్టిగా చెప్పండి.

ఇప్పుడు చేయవలసినవి. రెండు వేసవులు పనిచేసినట్టు గ్రంథాలయాధికారి సంతకం, ముద్రతో ధ్రువపత్రం తీసుకోమనండి. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎవరు ఏం చదివారు, ఎవరు మధ్యలో మానేశారు అన్నది నోటు పుస్తకంలో రాసి ఉంచమనండి, ఇంటర్వ్యూలో ఆ పుస్తకమే మాట్లాడుతుంది. వచ్చే శిబిరంలో ఒక పూట మీరు వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోండి. హైదరాబాద్ సంస్థకు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి. ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే, ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి, వాళ్లు ఏమన్నారో నాకు మళ్లీ రాయండి.