మా ఇంట్లో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ లేదు, అమ్మకెలా వచ్చింది? మూడు నెలల కిందట తగిలిన దెబ్బ వల్లేనా?

కాదండీ, దెబ్బ వల్ల రాదు. ఆరేళ్ల కిందట ఇదే ప్రశ్న నేను మా డాక్టరుగారిని అడిగాను. అప్పుడు నాకు 44. మా చిన్నవాడు నిద్రలో మోకాలితో పొడిచాడు. నొప్పి పుట్టినచోట తడిమి చూసుకుంటే గట్టిగా ఏదో తగిలింది. ఎన్ని రాత్రులు వాడి మొహం చూస్తూ అదే తలుచుకున్నానో. దెబ్బ తగిలినచోట చెయ్యి పెడతాం కాబట్టి, ఎప్పటినుంచో ఉన్న గడ్డ అప్పుడు బయటపడుతుందని ఆవిడ చెప్పారు.

తర్వాత నా బయాప్సీ రిపోర్టు కవరు తిరగేసి, పెన్నుతో రెండు గీతలు గీశారు. అది పాల నాళం. లోపలి అంచు వెంబడి వరసగా చుక్కలు, అవి కణాలు. పక్కన ఇంకో నాళం గీసి దాన్నిండా చుక్కలు పెట్టారు. మూడోదానికి గోడ ఒకచోట తెంపి, రెండు చుక్కలు బయట పెట్టారు. "మీది ఇక్కడుందమ్మా" అని ఆ తెగినచోట పెన్ను ఆనించారు. ఆ కవరు ఇప్పటికీ దాచుకున్నాను.

కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ డీఎన్ఏని నకలు తీసుకుంటుంది. అందులో దొర్లే తప్పుల్ని చాలావరకు శరీరమే సరిదిద్దుకుంటుంది. సరిదిద్దనివి ఏళ్ల తరబడి పోగుపడి, పెరుగుదలను ఆపే జన్యువులు పాడైతే ఆ కణం ఇక ఆగదు. నాళం లోపలే ఉన్నంతకాలం దాన్ని డీసీఐఎస్ అంటారు. గోడ దాటితే చంకలోని లింఫ్ గ్రంథులకు, రక్తం ద్వారా ఎముకలకు, కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకే దారి దొరుకుతుంది. ఒక సెంటీమీటరు గడ్డలో దాదాపు వంద కోట్ల కణాలుంటాయట. ఒక్క కణం అంత కావాలంటే సుమారు 30 సార్లు రెట్టింపు కావాలి, ఒక్కో రెట్టింపుకే చాలాసార్లు నెలలు పడుతుంది. మీ అమ్మగారికి దెబ్బ తగిలింది మూడు నెలల కిందటే అన్నారు కదా, లెక్క మీరే చూడండి.

ఇంట్లో ఎవరికీ లేకపోవడం వింతేమీ కాదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. వయసు, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ప్రభావం ఎక్కువ ఏళ్లు ఉండటం, నెలసరి ఆగాక పెరిగే బరువు, మద్యం ముప్పును పెంచుతాయి. ఇవేవీ లేనివాళ్లకూ వస్తుంది. అమ్మగారు ఏదో తప్పు చేశారని మాత్రం ఎవరినీ అననివ్వకండి.

నేను చేసిన పొరపాటు వేరే ఉంది. రెండు రోజుల్లో నొప్పి పోయింది, గడ్డ పోలేదు. నొప్పి లేదు కదా అని నాలుగు నెలలు ఊరుకున్నాను. క్యాన్సర్ గడ్డ చాలామందికి మొదట్లో నొప్పే పెట్టదని నాకు తెలియదు. చెయ్యి పైకెత్తి జడ వేసుకుంటుంటే అద్దంలో చర్మం సొట్టపడి కనిపించింది, అప్పుడు పరిగెత్తాను. అప్పటికే చంకలో ఒక గ్రంథికి చేరింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి, ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రలు ఐదేళ్లు వేసుకున్నాను.

అమ్మగారి రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు మాటలుంటాయి. మొదటి రెండూ గడ్డ కణాల మీద హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఉన్నాయా అని, మూడోది హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువుందా అని చెబుతాయి. వాటి పక్కన పాజిటివ్ అనుందో నెగెటివ్ అనుందో చూసి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మందులు దాన్నిబట్టి ఎలా మారతాయో అడగండి. చంకలోని గ్రంథుల సంగతి కూడా అడగండి. వాళ్లు చెప్పేది రాసుకోవడానికి ఎవరినైనా వెంట తీసుకెళ్లండి, ఆ గదిలో సగం మాటలు చెవికెక్కవు.