నానమ్మ దినం రోజు నవ్వొచ్చే సంగతులు చెప్పొచ్చా? మా ఇంట్లో ఏం జరిగిందంటే

90 దాటిన నానమ్మ పోయింది, దినం రోజు నాలుగు మాటలు చెప్పమంటున్నారు, నవ్వొచ్చే సంగతులు చెప్తే పెద్దవాళ్ళు తప్పు పడతారా అని అడిగారు కదా. తప్పకుండా చెప్పండి. నిండుగా బతికి పోయిన మనిషి గురించి నవ్వుతూ మాట్లాడుకోకపోతేనే వెలితిగా ఉంటది.

మాది హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ. మా నాయనమ్మ 88 ఏళ్ళు బతికింది, హాలీ సిక్కా అనే నిజాం రూపాయి నడిచిన జమానా నుంచి 2016 నోట్ల రద్దు దాకా అన్నీ చూసింది, 2017లో మెట్రో మొదలైతే నన్ను గూడ ఎక్కించుర్రి అని పట్టుబట్టి మియాపూర్ దాకా పోయి అద్దంలోంచి ఊరంతా చూసుకుంటూ వచ్చింది. నుమాయిష్ అంటే, అదే ఏటా జరిగే ఎగ్జిబిషన్, ఇక చెప్పనే వద్దు, 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి గ్రౌండ్‌కి మారింది కదా అది, పెళ్ళై సిటీకి వచ్చినప్పటినుంచి ప్రతి ఏడు పోవాల్సిందే, మోకాళ్ళ నొప్పులు వచ్చాక కూడా వీల్‌చైర్‌లో పోయి మిర్చి బజ్జీలు తిని, ఇంట్లో జాగా లేకపోయినా రెండు పింగాణీ గిన్నెలు కొనుక్కొని వచ్చేది.

ఇవన్నీ మాకు తెలిసినవే. దినం రోజు మా మనసు నింపింది మాత్రం బయటివాళ్ళ మాటలు. అందుకే మీరు ఒక్కరే మాట్లాడే బదులు ముందే పక్కింటివాళ్ళని, పాత కిరాయిదార్లని, ఆమెకి పూలమ్మే మనిషిని కూడా అడిగి పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళకి నానమ్మ అంటే వంట, పూజ, మందలింపు, అంతవరకే తెలుస్తది.

మా పక్కింటి ఖాలా ఉంది, రంజాన్‌కి వాళ్ళింటి నుంచి షీర్ ఖుర్మా, సంక్రాంతికి మా ఇంటి నుంచి సకినాలు, ఏళ్ళ తరబడి నడిచిన స్నేహం. ఆమె ఆ రోజు కళ్ళు తుడుచుకుంటూనే చెప్పింది, వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ సుల్తాన్ బజార్‌లో జాకెట్ గుడ్డ కొనాలని ఇంట్లో చెప్పి రిక్షా ఎక్కి మ్యాట్నీకి పోయేవాళ్ళట, ఎవరికీ అనుమానం రాకుండా వచ్చేటప్పుడు నిజంగానే ఒక ముక్క కొనుక్కొచ్చేవాళ్ళట. నాయనమ్మ ట్రంకు పెట్టెలో కుట్టించని జాకెట్ ముక్కలు అన్నెందుకున్నాయో మాకు అప్పుడు అర్థమైంది. మా బాపు అయితే పదిరోజుల తర్వాత అప్పుడే మొదటిసారి నవ్విండు. మా మేనత్తలు ఆ ముక్కలు తలా ఒకటి తీసుకుపోయి కుట్టించుకున్నరు.

ఫోటో విషయం కూడా చెప్తా, ఇది చిన్నదే అనిపిస్తది గానీ కాదు. ఆధార్ కార్డు ఫోటో పెద్దది చేయించి దండ వేయకండి, ఆ మొహం ఆమెది కాదు. మేము సద్దుల బతుకమ్మ నాటి ఫోటో పెట్టినం, చేతిలో తంగేడు, గునుగు పూలు, నోరారా నవ్వుతూ ఉంటది. పిట్టకు పెట్టేటప్పుడు కూడా ఆమెకి ఇష్టమైనవన్నీ పెట్టినం, మిర్చి బజ్జీలతో సహా.

పెద్దవాళ్ళలో ఒకరిద్దరు ముందు మొహం చిట్లించొచ్చు, వాళ్ళకి ఏడుపు ఆగనప్పుడు కాస్త ఆగండి, ఏడ్వనివ్వండి, తర్వాత మెల్లగా వాళ్ళనే ఒక సంగతి అడగండి, చెప్పడం మొదలుపెడితే వాళ్ళే ఆగరు.

ఇంకో పని, ఒక పిల్లకో పిల్లాడికో ఫోన్ ఇచ్చి వచ్చినవాళ్ళ మాటలు రికార్డ్ చేసే డ్యూటీ అప్పజెప్పండి. మా చెల్లె అట్లనే చేసింది. నాయనమ్మ బతుకమ్మ ఆడేటప్పుడు "ఉయ్యాలో" మధ్యలో బస్తీ ఆడోళ్ళ పేర్లు, వాళ్ళింటి ముచ్చట్లు అప్పటికప్పుడు కలిపి పాడేదట, ఆ పాటలు గుర్తున్న ఇద్దరు ముసలమ్మలు ఆ రోజు మా వాకిట్లో కూర్చొని పాడిండ్రు. ఇప్పుడు మా ఇంటి ఆడపిల్లలు ఆ రికార్డింగే పెట్టుకొని నేర్చుకుంటున్నరు.