చీరల మధ్య దాచిన బ్యాటరీలు

ప్రశ్న: నా వయసు 51. ఉప్పల్ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా వారికి 56. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. బోడుప్పల్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ రిమోట్ విమానాలు ఎగరవేస్తుంటే చూసి నాకూ నేర్చుకోవాలనిపించింది. వాడితో ఊరి బయటి మైదానానికి వెళ్లడం మొదలుపెట్టాను. సరెండర్ లీవు డబ్బు రాగానే 24 వేలు పెట్టి సొంతంగా ఒక సెట్టు కొన్నాను. కొనకముందు ఇంట్లో మాటవరసకు కదిపితే మా వారు "ఈ వయసులో బొమ్మ విమానాలేమిటి, మనకు మిగిలింది ఆదివారం ఒక్కటే కదా" అన్నారు. అమ్మాయి "పెళ్లివారికి ఏమని చెప్పాలమ్మా" అంది. ఆ తరవాత కొన్న సంగతి చెప్పలేకపోయాను. తమ్ముడికి ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్తున్నాను. విమానం వాళ్లింట్లోనే ఉంది. బ్యాటరీలు మాత్రం రాత్రి అందరూ పడుకున్నాక ఛార్జి పెట్టి, పొద్దున్నే తీసి బీరువాలో చీరల మధ్య దాస్తున్నాను. మైదానంలో ఉన్నంతసేపూ నాకు ఇల్లే గుర్తుకు రాదు. ఇది మనసుకు పట్టిన జబ్బా? అంతా అమ్మేసి ఊరుకోమంటారా?

జవాబు: మీరు దాదాపు ఆఖరున, పెద్దగా పట్టించుకోకుండా రాసిన బ్యాటరీల సంగతితో మొదలుపెడతాను. మిగతావన్నీ వారం పది రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది మాత్రం ఈ రాత్రి దాటకూడదు. ఈ విమానాల్లో వాడేవి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు. అవి ఎక్కువ ఛార్జి అయినా, విమానం కూలినప్పుడు లోపల దెబ్బ తగిలినా, పైపొర చిరిగినా, వేడెక్కి ఉబ్బి ఒక్కసారిగా మంటలు చిమ్మే స్వభావం గలవి. అందుకే వాటిని ఛార్జి పెట్టి ఎవరూ నిద్రపోకూడదనేది ఆ రంగంలో అందరూ పాటించే మొదటి నియమం. మీరు చేస్తున్నది సరిగ్గా దానికి విరుద్ధం: ఇల్లంతా నిద్రపోయాక ఛార్జి పెడుతున్నారు, నిండా ఛార్జి అయిన వాటిని పట్టుచీరల మధ్య పెడుతున్నారు. ఎగరవేయబోయే రోజు పొద్దున, గచ్చు మీద, చుట్టుపక్కల గుడ్డ, కాగితం లేని చోట, మీరు మెలకువగా పక్కనే ఉండి ఛార్జి చేయండి. 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) సామర్థ్యం గల బ్యాటరీకి 2.2 ఆంపియర్లు మించకుండా పెడితే సుమారు గంటలో నిండుతుంది. ఎగరవేయని రోజుల్లో ఒక్కో సెల్లు 3.8 వోల్టుల దగ్గర ఉండేలా ఛార్జర్‌లోని స్టోరేజి పద్ధతిలో పెట్టి, మంటను తట్టుకునే సంచిలోనో, ఇనుప పెట్టెలోనో ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి చూద్దామని ఛార్జి పెట్టకండి. ఆంపియర్లు, వోల్టులు పిల్లలకు పాఠం చెప్పే మీకు నేను ఇవన్నీ విడమరచి చెప్పవలసి రావడానికి కారణం మీకు తెలియకపోవడం కాదు, దాచవలసి రావడం. దాచే పనికి చీకటి కావాలి, మూసిన తలుపు కావాలి. ఈ బ్యాటరీకి వెలుతురు, గాలి, కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. రెండూ ఒకే ఇంట్లో కుదరవు.

కాబట్టి మీరు ఇంట్లో చెప్పాలి. ఎలా చెప్పాలన్నది కాస్త తరవాత చూద్దాం. అంతకన్నా ముందు ఆ "బొమ్మ విమానం" అన్న మాట సంగతి తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే మీ వారు ఆ మాట అన్నారు, మీరూ లోలోపల దాన్ని ఒప్పుకున్నట్టు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీరు కొన్న ధరను బట్టి అది రెక్కల పొడవు మీటరు పైచిలుకు, బరువు కిలోకు అటూ ఇటూ ఉండే ఫోమ్ ట్రెయినర్, అంటే కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఫోమ్‌తో చేసిన విమానం, అయి ఉండాలి. దాని ముందున్న ప్రొపెల్లర్ నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది, వేలు తగిలితే కోస్తుంది. అది బొమ్మ అనుకున్నవాళ్లు రెండు విధాలుగా పొరబడతారు: దాన్ని నేర్చుకోవడానికి పట్టే శ్రద్ధనూ తక్కువగా చూస్తారు, అది చేయగల హానినీ తక్కువగా చూస్తారు. మీ వారితో మాట్లాడేటప్పుడు ఈ రెండో సగం కూడా మీ నోటి నుంచే రానివ్వండి. ప్రమాదం లేదని వాదించే మనిషి కంటే, ఉన్న ప్రమాదాన్ని లెక్కపెట్టి చెప్పే మనిషి మాటకే లెక్కలు చూసేవాళ్లు విలువ ఇస్తారు.

ఇక జబ్బా అన్న ప్రశ్న. బడికి వెళ్తున్నారు, ఇల్లు నడుపుతున్నారు, కూతురి పెళ్లి గురించి ఆలోచిస్తున్నారు. నిద్ర పట్టడం లేదనో, అన్నం సహించడం లేదనో, మరే పనిమీదా మనసు నిలవడం లేదనో మీరు ఎక్కడా రాయలేదు. ఇందులో నాకు జబ్బు కనిపించలేదు. మైదానంలో ఇల్లు గుర్తురాకపోవడానికి కారణం మీకు ఇంటిమీద ప్రేమ తగ్గడం అనుకోనక్కరలేదు, ఆ పని స్వభావమే అటువంటిది. విమానం మీ నుంచి దూరంగా వెళ్లేటప్పుడు మీ కుడి దాని కుడే. అది తిరిగి మీ వైపు వస్తున్నప్పుడు మీ కుడి దానికి ఎడమ అవుతుంది. రెండు మూడు సెకన్లు చూపు మరల్చినా అది ఏ వైపు వాలి ఉందో తెలియకుండా పోతుంది. అంత ఏకాగ్రత అడిగే పనిలో ఉన్న మనిషికి కుక్కర్ విజిల్ గుర్తుకు రావలసిన అవసరం లేదు. ఇరవై ఐదేళ్లుగా మీ చూపు ఒకేసారి నాలుగు పనులమీద ఉండి ఉంటుంది. ఒక్కదానిమీదే ఉండే ఆ కాసేపు మీకు కొత్తగా అనిపించి, ఆ కొత్తదనాన్ని తప్పుగా భావించారేమో. అయితే ఒకటి మాత్రం గమనించుకుంటూ ఉండండి: దాచి పెట్టే ఖర్చు పెరుగుతూ పోతున్నా, విమానం తప్ప ఇంకేదీ సంతోషం ఇవ్వడం లేదనిపించినా, అప్పుడు ఒక మానసిక వైద్యుణ్ణి కలవడానికి సందేహించవద్దు.

ఈ వయసులో నేర్చుకోవడం గురించి కూడా కొంత చెప్పాలి, మీరు అడగకపోయినా. పదిహేనేళ్ల పిల్లవాడి వేళ్లు మీ వేళ్ల కంటే త్వరగా నేర్చుకుంటాయి, దానితో పోటీ పడకండి. కంప్యూటర్‌కు ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకునే రిమోట్) తగిలించుకుని, తెర మీదే విమానం ఎగరవేసే సిమ్యులేటర్‌లో సాధన చేయండి. అక్కడ ఎన్నిసార్లు కూలినా జిగురు ఖర్చు కూడా ఉండదు. ఎదురొచ్చే విమానం విషయంలో చాలామంది గురువులు చెప్పే కిటుకు ఒకటుంది: ఏ రెక్క కిందికి వాలితే రిమోట్ మీది స్టిక్కును ఆ వైపుకే, ఆ రెక్కకు ఆసరా ఇస్తున్నట్టుగా, జరపాలి. కుడి ఎడమల లెక్క మానేసి ఈ ఒక్కటీ వేళ్లకు అలవాటు చేస్తే సగం కూలడాలు తప్పుతాయి. గురువు చేతిలో ఇంకో ట్రాన్స్‌మిటర్ ఉండి, మీరు తడబడగానే ఆయన అదుపు తీసుకునే ఏర్పాటు ఉన్నచోట నేర్చుకోండి. మీ మేనల్లుడు ఎంత తెలివైనవాడైనా మేనత్తకు గట్టిగా "ఆపండి" అని చెప్పగలడా అన్నది నాకు అనుమానమే. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం ఉండే ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడుతుంటే అంచుల్లో చూపు మసకబారుతుంది, పక్కకు దూసుకుపోయే విమానం అక్కడే కనబడకుండా పోతుంది. దూరపు చూపుకు విడిగా ఒక జత అవసరమా అని కంటి డాక్టరును అడగండి. మెడనొప్పి ఉన్నవాళ్లు విమానాన్ని నెత్తిమీదికి రానివ్వకుండా ఎదురుగా, కొంచెం దూరంలో తిప్పుకోవడం మేలు. నేర్చుకునేవాళ్లకు ఎలాగూ అదే క్షేమం.

చోటు విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. హైదరాబాదు చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అని విమానాలు దిగే చోట్లు చాలానే ఉన్నాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటి రెండు కిలోల లోపు ఉన్నవి మైక్రో తరగతికి చెందుతాయి. వ్యాపారానికి కాకుండా సరదాకు ఎగరవేసేవాళ్లకు ఆ తరగతిలో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. కానీ ఎక్కడ ఎగరవేయాలన్న నియమం అందరికీ వర్తిస్తుంది: ఆకుపచ్చ మండలంలో (ముందస్తు అనుమతి అక్కరలేని గగనతలంలో) 400 అడుగుల వరకు, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల వరకే, ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా అసలు కూడదు. మీరు వెళ్లే మైదానం ఏ మండలంలో ఉందో ప్రభుత్వ గగనతల పటంలో మీరే స్వయంగా చూడండి, ఎవరో చెప్పారని నమ్మకండి. బడి ఆవరణలోనూ, మేడమీదా, హైటెన్షన్ తీగలున్న లేఔట్లలోనూ వద్దు. జనవరిలో పతంగుల రోజులు పూర్తయ్యేదాకా ఆగడం మంచిది. ప్రొపెల్లర్‌కు మాంజా చుట్టుకుంటే విమానం ఎవరి నెత్తిమీద పడుతుందో చెప్పలేం. జూన్, జూలైల్లో వీచే పడమటి గాలులు కొత్తవాళ్ల చేతికి లొంగవు, ఆ నెలలు సిమ్యులేటర్‌కు వదిలేయండి. ఏ నెలలోనైనా గాలి నెమ్మదిగా ఉండేది తెల్లవారిన తరవాత మొదటి రెండు మూడు గంటలే, అంటే తొమ్మిదింటికల్లా మీరు తిరిగి ఇంటికి బయల్దేరవచ్చు.

ఈ తొమ్మిదింటికల్లా అన్న మాటకు మీ ఇంట్లో విలువ ఉంటుంది. మీ వారు అన్న రెండు మాటల్లో మీరు మొదటిదానికి నొచ్చుకున్నారు, రెండోది వినిపించుకోలేదు. "మనకు మిగిలింది ఆదివారం ఒక్కటే కదా" అన్న మాటలో విమానం ఊసే లేదు. పిల్లలు ఒక్కొక్కరే దూరమవుతున్న ఇంట్లో, ఉద్యోగ విరమణ కనుచూపు మేరలో ఉన్న మనిషి, వారానికి ఒక పూట భార్య తోడు కావాలంటున్నారు; అలా సూటిగా అడగడం చేతకాక దాన్ని ఎత్తిపొడుపులో కలిపేశారు. అడిగిన తీరు బాగోలేదు, అందుకు మీరు నొచ్చుకోవడం న్యాయమే. అడిగిన వస్తువు మాత్రం అన్యాయమైనది కాదు. రెండో శనివారం మీకు సెలవు, ఆయనకు ఆఫీసు ఉంటే ఆ పొద్దున్న ఎవరి వాటా నుంచీ పోదు. దానికి తోడు నెలకు ఒకటో రెండో ఆదివారాలు ఉదయం తొమ్మిది వరకు మీవి, తక్కిన ఆదివారాలు పూర్తిగా ఇద్దరివీ అనుకోండి. అలా అనుకున్నాక గాలి ఎంత బాగున్నా ఆ ఆదివారాల జోలికి వెళ్లకండి.

చెప్పేటప్పుడు తమ్ముణ్ణి మధ్యవర్తిగా కూర్చోబెట్టవద్దు, అమ్మాయి ఎదుట చెప్పవద్దు, భోజనాల వేళ చెప్పవద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, కొన్న బిల్లు చేతికిచ్చి, "డబ్బు నాదే అయినా మీకు చెప్పకుండా కొన్నాను, తమ్ముడికి బాగాలేదని అబద్ధం ఆడాను, అది తప్పే. ఎగరవేయడం మాత్రం నాకు ఇష్టం, అది మానుకోవాలని లేదు" అని రెండు విషయాలనూ విడివిడిగా చెప్పండి. చాలామంది ఇక్కడే తడబడతారు: అబద్ధానికి క్షమాపణ చెబుతూ చెబుతూ ఇష్టానికి కూడా క్షమాపణ చెప్పేస్తారు, ఎదుటివారు ఆ రెండింటినీ కలిపే స్వీకరిస్తారు. ఆయన కోపగించుకుంటారు. ఆ కోపం 24 వేల గురించి కన్నా, ఆరోగ్యంగా ఉన్న బావమరిదికి ఎలా ఉందని ఆయన ఏ రోజైనా అడిగి ఉంటే, దాని గురించి ఎక్కువ ఉంటుంది. ఆ కోపాన్ని ఒక పూటో రెండు పూటలో భరించండి, దానికి సమాధానం చెప్పబోకండి. మీ తమ్ముడికీ మరదలికీ కూడా ఇక తమ ఇంట్లో మీ కోసం ఏమీ దాచనక్కరలేదని తెలియజేయండి. వాళ్లను ఈ ఇబ్బందిలో పెట్టింది మీరే.

కొంత కాలానికి ఆయనను ఒక్కసారి మైదానానికి పిలవండి, రానంటే బలవంతం వద్దు. విమానం ఎగరవేసే మనిషి చూపు విమానం మీదే ఉంటుంది కాబట్టి, పక్కన నిలబడి దారినపోయే మనుషులనూ, పశువులనూ, ఆకాశంలో మరేదైనా వస్తోందా అన్నదీ కనిపెట్టి చెప్పే మనిషి నిజంగానే అవసరం. అది ఆయనను మెప్పించడానికి కల్పించిన పని అయితే ఆయనకు వెంటనే తెలిసిపోతుంది. నిజమైన పని కాబట్టి ఒప్పుకోవచ్చు.

అమ్మాయి విషయం నాకు చిన్నదిగానే తోస్తోంది. తల్లి విమానాలు ఎగరవేస్తుందని వెనక్కి పోయే సంబంధం పోతే పోయిందనుకోవచ్చు. అయినా పెళ్లిచూపుల్లో వెరపుతో కూర్చోవలసింది తనే గనుక, ఆ విషయం ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తననే నిర్ణయించుకోనివ్వండి. అప్పటిదాకా విమానం వీడియోలేవీ మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి.

డబ్బు గురించి ఒక హెచ్చరిక. మొదటి విమానంతో ఆగినవాళ్లు ఈ సరదాలో అరుదు. ప్రొపెల్లర్లు, జిగురు, అదనపు బ్యాటరీలు చిన్న చిన్న మొత్తాలే అయినా కలిపితే పెద్దవవుతాయి, ఆపైన రెండో విమానం, దాని పక్కన మూడోది కళ్లముందు మెదులుతాయి. నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకుని, ఆ ఖర్చు మీ వారి ఇంటి లెక్కల్లోనే ఒక వరుసగా రాయించండి. అకౌంట్స్ చూసే మనిషికి పుస్తకంలో కనిపించే ఖర్చు కంటే కనిపించని ఖర్చే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

అమ్మేయమంటారా అని అడిగారు. చెప్పకుండా అమ్మితే కొన్న అబద్ధం అలాగే మిగిలి, దానికి అమ్మిన అబద్ధం తోడవుతుంది. చెప్పిన తరవాత ఆయన అమ్మేయమనే పట్టుబడితే, వచ్చే ఫిబ్రవరి ఆఖరు దాకా గడువు అడగండి. అప్పటికి ఎన్ని ఆదివారాలు నిలబెట్టుకున్నారో, ఎంత ఖర్చయిందో పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు. అంతవరకు ఉన్నది అమ్మవద్దు. కొత్తది కొననూ వద్దు.