స్పేస్‌లో కరెంటు ఇంజిన్ చేయాలంటే ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. కరెంటుతో నడిచే వ్యోమనౌకలు డిజైన్ చేస్తానని పట్టుబట్టింది. వేరే రాష్ట్రం కాలేజీ ఒకటి ఏరోస్పేస్ సీటు ఇస్తామని రోజూ ఫోన్ చేస్తోంది. బంధువులేమో సీఎస్‌ఈ తప్ప ఏదీ వద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఫోన్లు పక్కన పెట్టండి. బ్రాంచి పేరులో 'ఏరోస్పేస్' ఉన్నంత మాత్రాన పాప కోరుకున్న చదువు దొరకదు. ఆమె అడుగుతున్నది సగానికి పైగా కరెంటు చదువు.

నాసా 2007లో పంపిన డాన్ నౌకనే తీసుకోండి. జెనాన్ వాయువులోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, మిగిలిన అయాన్లను సుమారు వెయ్యి వోల్టులతో వెనక్కి తోస్తుంది దాని ఇంజిన్. అవి సెకనుకు 30 కిలోమీటర్లకు పైగా వేగంతో బయటికొస్తాయి. తోపు ఎంతంటారా? రెండు ఏ4 కాగితాలు అరచేతిలో పెట్టుకుంటే తెలిసే బరువంత. నిల్చున్న నౌక గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి నాలుగు రోజులు. మన ఎడ్లబండి నయం అనిపిస్తుంది కదా! కానీ ఏళ్ల తరబడి ఆపకుండా తోస్తూ పోతే ఆ కాస్తే కొండంత అవుతుంది. 425 కిలోల జెనాన్‌తో బయల్దేరి, అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న చిన్న గోళాలైన వెస్టా చుట్టూ 2011లో, సెరిస్ చుట్టూ 2015లో తిరిగింది.

మీ పక్కనే గని–శకునాల సోలార్ పార్కు ఉంది. పలకల నుంచి వచ్చిన కరెంటును మార్చి, వోల్టేజి పెంచి లైనుకు ఎక్కిస్తారు. నౌకలోనూ ఆ తరహా పనే, ఇంజిన్‌కు పంపడానికి. చిక్కెక్కడంటే, సూర్యుడి నుంచి భూమి ఉన్నంత దూరానికి మూడు రెట్లు పోతే ఎండ తొమ్మిదో వంతే మిగులుతుంది. పలకలు ఎంత పెద్దవి పెట్టాలి, ఉన్న కరెంటులో ఇంజిన్‌కెంత, రేడియోకెంత అని లెక్క తేల్చడమే డిజైనర్ పని.

అందుకే నా ఓటు ఈఈఈకి (ఎలక్ట్రికల్) లేదా ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్). మెకానికల్ కూడా తప్పు కాదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఈఈఈని చాలామంది చివర్లో పెట్టుకుంటారు, పాపకు అదే లాభం. జేఎన్‌టీయూ అనంతపురం లాంటి పాత కాలేజీలో దొరికితే వదలొద్దు. ఏ కాలేజీకైనా వెళ్లినప్పుడు పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ తెరిపించి చూడండి. కరెంటు తరంగాలను తెరమీద చూపే ఓసిలోస్కోపుల మీద దుమ్ము కవరు తీయకుండా ఉంటే సంగతి అర్థమైపోతుంది.

ఒక్క మాట దాచను. ఇస్రో సైంటిస్ట్ ఇంజినీర్ నోటిఫికేషన్లలో ఎక్కువ పోస్టులు ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్‌కే ఉంటాయి. ఈఈఈ తీసుకుంటే గేట్ రాసి ఎం.టెక్ చేయాలన్న ఆలోచన మొదటి నుంచే ఉండాలి. ఇస్రోలో ఈ కరెంటు ఇంజిన్ల (థ్రస్టర్ల) పని జరిగేది దాని ఇంజిన్ల కేంద్రమైన ఎల్‌పీఎస్‌సీలో. ప్లాస్మా ఫిజిక్స్ మీద మనసుంటే గాంధీనగర్‌లో ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది.

జేఈఈ అడ్వాన్స్‌డ్ రాస్తోందా? అయితే తిరువనంతపురంలోని అంతరిక్ష చదువుల సంస్థ ఐఐఎస్‌టీని మర్చిపోకండి. ర్యాంకు అడ్వాన్స్‌డ్‌దే కానీ, దరఖాస్తు మాత్రం ఐఐఎస్‌టీకి విడిగా పెట్టుకోవాలి. ఐఐటీ కౌన్సెలింగ్‌లోనే అదీ వస్తుందనుకుని తేదీ దాటబెట్టుకునేవాళ్లున్నారు.